విందు వేరు, హక్కు వేరు

1831 జూలై 6వ తేదీన లండన్ నగరం బిషప్స్‌గేట్ వీధిలోని ఒక టావెర్న్‌లో ఈస్టిండియా కంపెనీ ఘనమైన విందు ఇచ్చింది. కంపెనీ పెద్దలు, వారి మిత్రులు బారులు తీరి కూర్చున్నారు. తాబేటి మాంసం, జింక మాంసం, షాంపేన్ బల్లల మీదికి వచ్చాయి. గౌరవ అతిథి స్థానంలో వంగదేశం నుంచి వచ్చిన ఒక బ్రాహ్మణుడు కూర్చున్నాడు. చుట్టూ ఉన్నవారంతా తృప్తిగా ఆరగిస్తుంటే ఆయన మాత్రం అన్నం తప్ప మరొకటి ముట్టలేదు, చల్లని నీళ్ళు తప్ప మరొకటి తాగలేదు. ఈ దృశ్యం ఆనాటి పత్రికా రచయితకు వింతగా తోచి దానిని ప్రత్యేకంగా నమోదు చేశాడు.

ఆ అతిథి రాజా రామమోహన రాయ్. సతీసహగమనాన్ని ఎదిరించినవాడుగా, బ్రహ్మసమాజ స్థాపకుడుగా పాఠ్యపుస్తకాలు ఆయనను పరిచయం చేస్తాయి. బిషప్స్‌గేట్ విందు సంగతి మాత్రం జీవిత చరిత్రల్లో ఒక పేరాతో ముగిసిపోతుంది. నిజానికి ఆనాటి భారత రాజకీయమంతా ఆ విందు బల్ల చుట్టూ చేరి ఉంది. పాలకుడు పాలితుణ్ని తన సరసన ఎందుకు కూర్చోబెట్టుకుంటాడు? ఎంతసేపు కూర్చోబెట్టుకుంటాడు? అలా కూర్చుని వచ్చినవాడు స్వదేశంలో తనవారికి ఏమని సమాధానం చెప్పుకోవాలి? ఈ మూడు ప్రశ్నలూ ఆ రోజుతో ముగిసిపోలేదు. మన గ్రామాల టీ కొట్ల దాకా, బడి వరండాల దాకా అవి వెంట వచ్చాయి.

టావెర్న్ అంటే ఏమిటి?

టావెర్న్ అనగానే సారా దుకాణం గుర్తుకు రావచ్చు. 18, 19 శతాబ్దాల లండన్‌లో పెద్ద టావెర్న్‌లు అటువంటివి కావు. మన పూటకూళ్ళ ఇల్లు, సభామందిరం, వర్తక సంఘపు కార్యాలయం ఒకే కప్పు కింద చేరితే ఎలా ఉంటుందో అవి అలా ఉండేవి. వాటాదారుల సమావేశాలు, ధర్మసంస్థల చందా సభలు, రాజకీయ సంఘాల తీర్మానాలు, ఎన్నికల విందులు అక్కడే జరిగేవి. పార్లమెంటు భవనంలో నిర్ణయమయ్యేది ఎంతో, ఈ భోజనశాలల్లో ముందుగా కుదిరేది కూడా అంతే ఉండేది.

బిషప్స్‌గేట్ వీధికి పేరు తెచ్చిన లండన్ టావెర్న్ 1765 నాటి అగ్నిప్రమాదం తరువాత 1768లో కొత్తగా వెలిసింది. దాని నేలమాళిగల్లో నీటి తొట్లు కట్టి, ఓడల్లో తెచ్చిన తాబేళ్ళను బతికుండగానే ఉంచేవారు. తాబేటి సూపు లేని విందును నగర వర్తకులు విందుగా లెక్కించేవారు కారు. చార్లెస్ డికెన్స్ తన ‘నికొలస్ నికల్బీ’ నవలలో ఊరూరా రొట్టెలమ్మే ఒక హాస్యాస్పదమైన కంపెనీ ప్రారంభ సభను జరిపించింది ఈ లండన్ టావెర్న్‌లోనే. ఆనాటి పాఠకులకు ఆ పేరు చెబితే చాలు, డబ్బు, పలుకుబడి, మాటకారితనం కలగలసిన ఒక ప్రపంచం కళ్ళకు కట్టేది.

ఈస్టిండియా కంపెనీ ప్రధాన కార్యాలయం లెడెన్‌హాల్ వీధిలో ఉండేది. బిషప్స్‌గేట్ అక్కడికి కూతవేటు దూరం. కోట్లాది ప్రజల మీద పన్ను ఎంత విధించాలో, ఏ నవాబుకు భరణం ఎంత ఇవ్వాలో తేల్చే ఉత్తరాలు లెడెన్‌హాల్ వీధిలో తయారయ్యేవి. పెద్ద ఉద్యోగాల మీద భారతదేశానికి వెళ్ళేవారికి వీడ్కోలు విందులు నగరంలోని టావెర్న్‌లలో జరిగేవి. కంపెనీకి టావెర్న్ విందు వినోదం మాత్రమే కాదు, అది పరిపాలనలో ఒక అంగం.

పిలుపు ఉంది, గుర్తింపు లేదు

రామమోహన రాయ్ లండన్‌కు సొంత పనిమీద వెళ్ళలేదు. ఢిల్లీ కోటలో పేరుకు మాత్రమే పాదుషాగా మిగిలిన రెండవ అక్బర్, తనకు కంపెనీ ఇవ్వవలసిన భరణం పూర్తిగా ఇవ్వడం లేదని ఇంగ్లండు రాజుకు మొరపెట్టుకోదలచాడు. అందుకు రామమోహన రాయ్‌ని తన రాయబారిగా నియమించి, 1829లో ‘రాజా’ బిరుదు ఇచ్చాడు. విలియం బెంటింక్ నాయకత్వంలోని కంపెనీ ప్రభుత్వం ఆ బిరుదును అంగీకరించలేదు, ఆ రాయబారాన్నీ గుర్తించలేదు. వెళ్ళదలచుకుంటే సాధారణ వ్యక్తిగా వెళ్ళవచ్చునని చెప్పింది. ఆయన 1830 నవంబరులో ‘ఆల్బియన్’ అనే ఓడ ఎక్కి 1831 ఏప్రిల్ 8న లివర్‌పూల్ రేవులో దిగాడు.

ఆయన చేతిలో మరి రెండు పనులు ఉన్నాయి. సతీసహగమనాన్ని నిషేధిస్తూ 1829 డిసెంబరు 4న వచ్చిన శాసనాన్ని రద్దు చేయించాలని కలకత్తా ధర్మసభ ప్రీవీ కౌన్సిల్‌కు వెళ్ళింది. ఆ విజ్ఞప్తి నెగ్గకుండా చూడడం మొదటి పని. 1833లో కంపెనీ చార్టర్ గడువు తీరుతుంది కాబట్టి, దాని మీద పార్లమెంటు జరుపుతున్న విచారణలో భారతీయుల పక్షాన మాట్లాడడం రెండవది.

కంపెనీ పెద్దలకు ఈ మూడో సంగతే ముఖ్యం. చైనా వర్తకం మీద మిగిలిన గుత్తహక్కు ఉంటుందో పోతుందో తెలియని కాలం అది. భారతదేశాన్ని దోచుకుంటున్నారన్న విమర్శ లండన్ పత్రికల్లో వినబడుతున్న కాలం కూడా. అటువంటి వేళ కంపెనీ ఏలుబడి నుంచి వచ్చిన పండితుడు, పలు భాషలు తెలిసినవాడు, ఇంగ్లండు మేధావులు చూడాలని ఆరాటపడుతున్నవాడు తమ బల్ల దగ్గర కూర్చోవడం వారికి గొప్ప ప్రశంసాపత్రం వంటిది. కాబట్టి కలకత్తాలో బిరుదును కాదన్న కంపెనీయే లండన్‌లో విందుకు పిలిచింది. అతిథిగా ఆయన కావాలి, రాయబారిగా అక్కరలేదు.

బ్రిటిష్ రాజు వైఖరి కొంత భిన్నంగా ఉంది. ఆ ఏడాది ఆగస్టులో లండన్ వంతెన ప్రారంభ విందుకు నాలుగవ విలియం రాజు ఆయనను ఆహ్వానించాడు. సెప్టెంబరులో జరిగిన పట్టాభిషేకంలో విదేశీ రాయబారుల మధ్య ఆయనకు ఆసనం ఇచ్చారు. కంపెనీ ఒప్పుకోని హోదాను దర్బారు మర్యాద ఆ మేరకు ఒప్పుకున్నట్లయింది.

అదే కాలంలో కలకత్తాలో ఏం జరుగుతోందో కూడా చూడాలి. 1827లో అక్కడ బెంగాల్ క్లబ్ ఏర్పడింది. కంపెనీ అధికారులు, తెల్ల వర్తకులు అందులో భోజనం చేసేవారు. భారతీయులకు సభ్యత్వం లేదు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా కొన్నేళ్ళ పాటు ఆ నియమం అలాగే కొనసాగింది. లండన్‌లో గౌరవ అతిథి అయిన మనిషికి సొంత నగరంలోని క్లబ్బులో సభ్యుడుగా చోటు లేదు. సముద్రానికి ఆవల ఒక్కడుగా ఉన్నప్పుడు అతిథి, ఇవతల కోట్లలో ఒకడుగా ఉన్నప్పుడు ప్రజ. వలసపాలన మర్యాదకు ఈ కొలబద్ద చివరిదాకా మారలేదు.

ఇది రామమోహన రాయ్‌కి తెలియనిది కాదు. 1809లో భాగల్పూరు వీధిలో పల్లకీలో వెళుతుండగా సర్ ఫ్రెడరిక్ హామిల్టన్ అనే కలెక్టరు, తన ఎదుట పల్లకీ దిగి సలాము చేయలేదని ఆయనను నడివీధిలో దూషించాడు. ఆయన ఊరుకోలేదు. జరిగిన అవమానాన్ని వివరిస్తూ గవర్నర్ జనరల్ లార్డ్ మింటోకు అర్జీ పంపాడు. అధికారి దయ వేరు, మనిషికి దక్కవలసిన మర్యాద వేరని ఆయన అప్పటికే గ్రహించినట్లు ఆ అర్జీ చెబుతుంది.

అన్నం, నీళ్ళు ఎందుకు?

విగ్రహారాధనను ఖండించిన మనిషి, ఉపనిషత్తులను వాడుక భాషలోకి తెచ్చిన మనిషి, క్రైస్తవ మతాచార్యులతో వారి గ్రంథాల మీదే వాదానికి దిగిన మనిషి విందులో అన్నం, నీళ్ళతో సరిపెట్టుకోవడమేమిటి? ఇది ఆహారపు అలవాటు అనుకుంటే పొరపాటు. ఆయన ఓడలో వెంట బ్రాహ్మణ వంటవాణ్ని తీసుకెళ్ళాడు. ఆయనతో ప్రయాణం చేసిన జేమ్స్ సదర్లాండ్ రాసిన ప్రకారం, ఓడలో వారికి వంట చేసుకునేందుకు సరైన వసతి లేదు, ఉన్నది ఒక మట్టి పొయ్యి. సముద్ర ప్రయాణం పడక జబ్బు చేసిన సేవకులు యజమాని గదినే ఆక్రమించుకున్నారు. ఆయన వారిని బయటికి పంపలేదు. తానే ఇరుకు చోటుకు తప్పుకున్నాడు. ఇంత ఇబ్బంది పడి తన పొయ్యిని తాను కాపాడుకోవడానికి బలమైన కారణం ఉండాలి.

ఆ కారణం ఆస్తి. కంపెనీ కోర్టులు హిందువుల వారసత్వ తగాదాలను ధర్మశాస్త్రాల ప్రకారం పరిష్కరించేవి. కులం నుంచి వెలి అయినవానికి వారసత్వపు హక్కు పోయేది. మ్లేచ్ఛుల వంట తినడం వెలికి తగిన కారణమని వాదించడానికి కలకత్తాలో శత్రువులు సిద్ధంగా ఉన్నారు. అందుకు భయపడవలసిన అనుభవమూ ఆయనకు ఉంది. మతాభిప్రాయాల వల్ల కన్నతల్లే ఆయనకు దూరమైంది. 1817లో అన్న కుమారుడు ఆస్తిలో వాటా కోరుతూ కలకత్తా సుప్రీంకోర్టులో దావా వేశాడు. రెండేళ్ళ తరువాత ఆ దావా వీగిపోయింది. కోర్టు గుమ్మం ఎక్కినవానికి, తిన్న ముద్ద రేపు సాక్ష్యంగా మారగలదని వేరే చెప్పనక్కరలేదు.

మతం మారినా, కులం పోయినా వారసత్వపు హక్కు పోదని దేశమంతటికీ వర్తించే చట్టం 1850లో వచ్చింది. ఆ ఏటి 21వ చట్టమది. రామమోహన రాయ్ టావెర్న్‌లో కూర్చున్ననాటికి దానికి ఇంకా 19 ఏళ్ళ వ్యవధి ఉంది. అంటే ఆ బల్ల దగ్గర ఆయనను రెండు అధికారాలు కనిపెట్టి చూస్తున్నాయి. ఎదురుగా కూర్చున్న కంపెనీ ఒకటి, వేల మైళ్ళ దూరాన ఉన్న కులం మరొకటి. విచిత్రమేమిటంటే, ఆ కులానికి ఆస్తిని హరించే శక్తినిచ్చినవి ఎదురుగా ఉన్న కంపెనీ వారి కోర్టులే. సంప్రదాయానికి అడ్డురాకూడదన్న పేరుతో కంపెనీ కులానికి కోర్టు ముద్ర వేసింది.

ఆయన 1833 సెప్టెంబరు 27న బ్రిస్టల్ దగ్గర స్టేపుల్టన్‌లో కన్నుమూశాడు. అప్పటికీ శరీరం మీద జంధ్యం ఉంది. క్రైస్తవ శ్మశానంలో పూడ్చితే కులం పోయిందన్న వాదన తలెత్తి కుమారుల ఆస్తికి ముప్పు రావచ్చునని, ఆయన బస చేసిన ఇంటి ఆవరణలోనే మౌనంగా ఖననం చేశారు. పదేళ్ళ తరువాత, 1843లో, ద్వారకానాథ్ టాగూరు పూనికతో ఆ అవశేషాలను బ్రిస్టల్‌లోని ఆర్నోస్ వేల్ శ్మశానవాటికకు తరలించి సమాధి కట్టించారు. టావెర్న్‌లో పళ్ళెం దగ్గర మొదలైన జాగ్రత్త సమాధి దాకా ఆయన వెంట వెళ్ళింది.

విందు ఏమి ఇచ్చింది?

ఆ విందులో ఆయన ఆరోగ్యం కోరుతూ పానపాత్రలు ఎత్తారు. ఆయన మర్యాదగా కృతజ్ఞతలు చెప్పాడు. అతిథి ధర్మం అంతటితో సరి. కానీ ఆ తరువాత కొద్ది వారాలకే పార్లమెంటు విచారణ సంఘానికి ఆయన లిఖితపూర్వకంగా ఇచ్చిన సమాధానాలు వేరే స్వరంలో ఉన్నాయి. బెంగాల్‌లోని జమీందారీ పద్ధతి అయినా, మద్రాసు రాజధానిలోని రైత్వారీ పద్ధతి అయినా సేద్యగాడి బతుకు దుర్భరంగానే ఉందని ఆయన రాశాడు. మద్రాసు రాజధాని అంటే మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా అందులోవే. రైతు చెల్లించే కౌలు తగ్గించాలని, ఆ లోటును విలాస వస్తువుల మీద పన్నులతోను, ఖరీదైన తెల్ల కలెక్టర్లకు బదులు భారతీయులను నియమించడంతోను పూడ్చుకోవాలని సూచించాడు. న్యాయాధికారాన్ని, శిస్తు వసూలు అధికారాన్ని ఒకే చేతిలో ఉంచవద్దన్నాడు. చట్టం చేసేముందు దేశీయుల అభిప్రాయం తెలుసుకోవాలన్నాడు.

కంపెనీ విందు తిని కంపెనీకి ప్రశంసాపత్రం రాసిచ్చే రాజులు, దివానులు అప్పటికే చాలామంది ఉన్నారు. రామమోహన రాయ్ ఆ కోవలోకి వెళ్ళకపోవడం ఆయన గొప్పతనం. అలాగని ఆయనను వలసపాలనకు విరోధిగా చిత్రించడం కూడా చరిత్రకు న్యాయం కాదు. బ్రిటిష్ పాలన వల్ల మేలు ఉందనే ఆయన నమ్మాడు. ఆ మేలు దయగా కాక హక్కుగా రావాలని మాత్రం అడిగాడు.

ఫలితాలు కూడా ఈ తేడానే చూపుతాయి. సతీసహగమనాన్ని సమర్థించేవారి విజ్ఞప్తిని ప్రీవీ కౌన్సిల్ 1832 జూలైలో తోసిపుచ్చింది. పాదుషా భరణం పెంపునకు కంపెనీ ఒప్పుకున్నా, మిగిలిన క్లెయిములన్నీ వదులుకోవాలని షరతు పెట్టింది. 1833 చార్టర్ చట్టంలోని 87వ సెక్షన్ మతం, జన్మస్థలం, వంశం, రంగు కారణంగా ఏ భారతీయుడికీ కంపెనీ ఉద్యోగం నిరాకరించరాదని పేర్కొంది. కాగితం మీద అది గొప్ప వాక్యం. ఆచరణలో పెద్ద ఉద్యోగాలు దశాబ్దాల పాటు తెల్లవారి చేతిలోనే ఉండిపోయాయి. చట్టంలోకి ఎక్కిన మాటను కూడా విందులో ఇచ్చే మాటలాగే చూసిన పాలన అది.

స్వదేశంలో పంక్తులు

విదేశీ పాలకుడి బల్ల సంగతి అటుంచి, మన పంక్తుల సంగతి చూస్తే కథ మరింత కఠినంగా ఉంటుంది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించారు. వివాహం చేసుకున్నవారికే కాదు, ఆ ఇంట భోజనం చేసినవారికీ వెలి తప్పలేదు. వంటవారు, నీళ్ళు మోసేవారు మానుకున్నారు. వీరేశలింగం భార్య రాజ్యలక్ష్మమ్మ స్వయంగా గోదావరి నుంచి నీళ్ళు మోసుకొచ్చి వంట చేసింది. వెంట నడిచిన మిత్రుల్లో కొందరు వెలి బాధ తట్టుకోలేక ప్రాయశ్చిత్తం చేసుకుని వెనుదిరిగారు. సంస్కరణ అనేది సభలో చప్పట్లు కొట్టేటప్పుడు కాక, విస్తరి ముందు కూర్చునేటప్పుడు పరీక్షకు నిలుస్తుందని తెలుగువారికి తెలియజెప్పిన సందర్భమది.

తొమ్మిదేళ్ళ తరువాత పుణెలో ఇంకా విచిత్రం జరిగింది. 1890 అక్టోబరులో పంచ్ హౌద్ క్రైస్తవ మిషన్‌లో ఒక సమావేశానికి నగర ప్రముఖులు వెళ్ళారు. మహదేవ గోవింద రానడే, బాల గంగాధర తిలక్, గోపాలకృష్ణ గోఖలే వారిలో ఉన్నారు. చివర టీ, బిస్కెట్లు ఇచ్చారు. కొందరు తాగారు, కొందరు మర్యాదకు కప్పు తాకి వదిలేశారు. వైద్యవిద్య చదివిన తొలి భారతీయ మహిళల్లో ఒకరైన ఆనందీబాయి జోషి భర్త గోపాలరావు జోషి, హాజరైనవారి పేర్లన్నీ పత్రికలో అచ్చు వేయించాడు. నగరం అట్టుడికింది. పీఠాధిపతి శంకరాచార్యులు విచారణ సంఘాన్ని నియమించారు. ఆ సంఘం ముందు తిలక్ శాస్త్ర ప్రమాణాలతో వాదించి, తాను కాశీలో ప్రాయశ్చిత్తం చేసుకున్నట్లు చూపాడు. రానడే 1892లో ప్రాయశ్చిత్తానికి ఒప్పుకున్నాడు. వెలి వల్ల ఇళ్ళలో శుభకార్యాలు ఆగిపోయి నలిగిపోతున్న మిత్రుల భారాన్ని పంచుకోవడానికే అలా చేశాడని ఆయన పక్షం వహించినవారు చెప్పారు. సంస్కర్తలు మాత్రం ఆయనను క్షమించలేదు.

దేశ రాజకీయాలను మలచబోతున్న ఇద్దరు ముగ్గురు మహానాయకులు ఒక కప్పు టీకి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. రామమోహన రాయ్ నాటికీ పుణె నాటికీ మధ్య 59 ఏళ్ళు గడిచాయి. 1850 చట్టం పుణ్యమా అని ఆస్తి పోయే భయం తొలగింది. కానీ పురోహితుడు రాకపోవడం, ఆడపిల్లకు సంబంధం దొరకకపోవడం, బంధువులు గడప తొక్కకపోవడం ఏ కోర్టూ ఆపలేని శిక్షలుగా మిగిలాయి.

ఇవన్నీ అగ్రవర్ణాల వారు తమ మీద తామే విధించుకున్న కట్టుబాట్లు. పంక్తికి పూర్తిగా వెలుపల ఉన్నవారి సంగతిని బాహాటంగా ముందుకు తెచ్చినవారిలో కేరళకు చెందిన అయ్యప్పన్ ఒకరు. 1917 మే 29న చెరాయి గ్రామంలో ఆయన ఈళవ యువకులను పులయ కులస్థులతో కలిపి కూర్చోబెట్టి భోజనం పెట్టించాడు. ఈళవులు అప్పటికే సవర్ణుల చేతిలో అంటరానితనం అనుభవిస్తున్నవారు. అయినా తమకంటే కింద ఉన్నవారితో కలిసి తిన్నందుకు అయ్యప్పన్‌ని వెలివేసినవారు ఆ ఈళవులే. ‘పులయన్ అయ్యప్పన్’ అని ఎగతాళి చేస్తే ఆయన దాన్ని బిరుదుగా స్వీకరించాడు. ఈళవుడే అయిన నారాయణ గురు ఆయన పక్షాన నిలిచారు. పై మెట్టు మీద ఉన్నవాడి పంక్తిలో చోటు అడిగేవాడు, కింది మెట్టు వాడికి తన పంక్తిలో చోటు ఇస్తాడా అన్న ప్రశ్నను చెరాయి భోజనం నిలదీసింది.

పిలుపు నుంచి హక్కుకు

సహపంక్తి భోజనాల మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో బాబాసాహెబ్ అంబేడ్కర్ 1936లో తేల్చి చెప్పారు. లాహోరులోని జాత్ పాత్ తోడక్ మండల్ తమ సభకు అధ్యక్షత వహించమని ఆయనను పిలిచింది. ఆయన రాసిన ప్రసంగ పాఠం చూసి, అందులోని మాటలు మింగుడుపడక, ఆ సభనే రద్దు చేసుకుంది. ‘కుల నిర్మూలన’ పేరుతో ఆ ప్రసంగాన్ని ఆయన సొంతంగా అచ్చు వేయించారు. కలిసి తినడం వల్ల కులం చావలేదని అనుభవం చెబుతోందని, కులాంతర వివాహాలు రావాలని, కులానికి ఆధారమైన శాస్త్ర ప్రామాణ్యం పోవాలని అందులో వాదించారు. పిలిచినవారే పిలుపును వెనక్కి తీసుకోగలరన్న సత్యానికి ఆ సభ చరిత్రే పెద్ద రుజువు.

పన్నెండేళ్ళ తరువాత ఆయన ఎవరి పిలుపుకూ ఎదురుచూడనక్కరలేని స్థానంలో ఉన్నారు. 1948 నవంబరు 29న రాజ్యాంగ సభ రెండు ముఖ్యమైన అధికరణాలను ఆమోదించింది. అవి నేటి 15వ, 17వ అధికరణాలు. అంటరానితనాన్ని ఏ రూపంలోనైనా నిషేధించింది 17వ అధికరణం. దుకాణాలు, భోజనశాలలు, హోటళ్ళు, వినోద స్థలాలలో ప్రవేశానికి, బావులు, చెరువులు, స్నానఘట్టాల వాడకానికి మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం అడ్డు కాకూడదని చెప్పింది 15వ అధికరణం రెండో భాగం. దుకాణం అన్న మాటకు అర్థమేమిటని సభ్యులు అడిగినప్పుడు అంబేడ్కర్ దానిని విశాలార్థంలో వివరించారు. డబ్బు తీసుకుని సేవ అందించే చోటు ఏదైనా అందులోకి వస్తుందన్నారు. ఆ ఒక్క వివరణతో క్షురకుడి కుర్చీ, చాకలి దుకాణం, హోటల్ బల్ల అన్నీ రాజ్యాంగం పరిధిలోకి వచ్చాయి.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ప్రపంచంలోని చాలా రాజ్యాంగాలు వాక్స్వాతంత్ర్యం, ఓటు, ఆస్తి గురించి మాట్లాడతాయి. మన రాజ్యాంగం హోటల్ గురించి, చెరువు గురించి కూడా మాట్లాడవలసి వచ్చింది. ఈ దేశంలో పౌరసత్వం ఓటు పెట్టె దగ్గర ఎంత తేలుతుందో, నీళ్ళ గ్లాసు దగ్గర కూడా అంతే తేలుతుందని దాన్ని రాసినవారికి తెలుసు. ‘బ్రాహ్మణ భోజనశాల’ అని బోర్డులు పెట్టుకున్న హోటళ్ళు, రైల్వే స్టేషన్లలో హిందువులకు వేరుగా, ముస్లింలకు వేరుగా ఉంచిన నీళ్ళ కుండలు వారి కళ్ళ ముందే ఉన్నాయి. 1955లో వచ్చిన అంటరానితనపు నేరాల చట్టం, తరువాత పౌర హక్కుల పరిరక్షణ చట్టంగా మారి, ఈ అధికరణాలకు శిక్షాబలం చేకూర్చింది.

అయినా తెలుగు గ్రామాల్లో టీ కొట్టు దగ్గర రెండు గ్లాసుల పద్ధతి చాలాకాలం బతికింది. గ్లాసులో టీ ఇస్తారు, కానీ తాగినవాడే దాన్ని కడిగి విడిగా పెట్టాలి. అమ్మకం ఉంది, మర్యాద లేదు. తిట్టో దెబ్బో అయితే కేసు పెట్టవచ్చు. గ్లాసు ఏ మూల పెట్టారన్నదాని మీద కేసు పెట్టడానికి ఎంతమందికి ధైర్యం చాలుతుంది?

ఎన్నికలు దగ్గరపడినప్పుడు అన్ని పార్టీల నాయకులూ దళితవాడకు వెళ్ళి, చాప మీద కూర్చుని భోజనం చేసి ఫొటోలు దిగడం మనం చూస్తూనే ఉన్నాం. ఆ భోజనాలను పూర్తిగా కొట్టిపారేయనక్కరలేదు. 1881లో రాజమహేంద్రవరంలో ఊహించలేని దృశ్యమది. కానీ అది బిషప్స్‌గేట్ విందు కోవకే చెందుతుంది. ఎవరిని పిలవాలో, ఎవరింటికి వెళ్ళాలో, ఎప్పుడు వెళ్ళాలో బలవంతుడే నిర్ణయిస్తాడు. ఆ నాయకుడు వెళ్ళిపోయిన మరునాడు ఆ ఇంటివారు ఊళ్ళోని హోటల్‌లో ఏ బల్ల దగ్గర కూర్చోగలరన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు జవాబు ఎక్కడ దొరుకుతుందో వెతకాలంటే రాజధాని నగరాలకు వెళ్ళనక్కరలేదు. ప్రభుత్వ బడిలో మధ్యాహ్న భోజన వేళ చూస్తే చాలు. ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే ప్రాథమిక బడుల పిల్లలందరికీ వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001లో ఆదేశించింది. 2004లో వంటవారి నియామకంలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. ఆ తరువాత దళిత మహిళ వండిన అన్నం తమ పిల్లలు తినరని కొందరు తల్లిదండ్రులు అడ్డుపడిన ఘటనలు ఒకటికి మించిన రాష్ట్రాల్లో వార్తలకెక్కాయి. అదే సమయంలో లక్షలాది బడుల్లో కులం అడగకుండా పిల్లలు ఒకే వరుసలో కూర్చుని తింటున్నారు. ఇదీ నిజమే, అదీ నిజమే.

బిషప్స్‌గేట్‌లోని లండన్ టావెర్న్‌ను 1876లో కూల్చివేశారు. ఆ చోట ఒక బ్యాంకు లేచింది. విందు ఇచ్చిన కంపెనీ అంతకు ముందే అంతరించింది. ఆనాడు అన్నం, నీళ్ళతో సరిపెట్టుకున్న అతిథి ఎంత గొప్పవాడైనా ఆ బల్ల దగ్గర కూర్చోవడానికి పిలుపు కావలసి వచ్చింది, అక్కడ ముద్ద ఎత్తడానికి కులం అనుమతి కావలసి వచ్చింది. బడి వరండాలో కంచం ముందు కూర్చున్న పిల్లవానికి ఆ రెండూ అక్కరలేదని రాజ్యాంగం చెప్పింది. ఆ మాట నిలబడుతుందో లేదో ప్రతి మధ్యాహ్నం ఆ వరుసలోనే తేలుతుంది.